వైండింగ్ సెక్షన్‌లో స్పానిష్ జపం

మదురై నూలు మిల్లులో నాది మూడేళ్ళుగా బదిలీ పని. ఎవరైనా రాని రోజున వాళ్ళ మిషను దగ్గర నేను నిలబడాలి. నాయన అదే వైండింగ్ సెక్షన్‌లో బాబిన్ల బండి తోసేవాడు. నాకు పర్మనెంట్ కావాలన్నది ఆయన ఆశ. ఎలాగైనా బయటపడాలన్నది నా ఆశ. ఆ దూది గాలి పీలుస్తూ అక్కడే ముసలిదాన్నైపోతానని భయంతో చచ్చేదాన్ని.

దారి చూపింది చర్చి డిస్పెన్సరీలోని స్పెయిన్ సిస్టరు. వేసవిలో వాళ్ళ పెద్ద మదర్ వస్తుందట. ఆమెతో స్పానిష్‌లో మాట్లాడగలిగితే నర్సు చదువుకు స్పెయిన్ తీసుకుపోతారట. ఆదివారం పూజ కాగానే సిస్టరు నాకు క్రియలు నేర్పేది. క్రమమైనవి సుళువు. మాట్లాడతాను, మాట్లాడతావు, మాట్లాడుతుంది: అబ్లో, అబ్లాస్, అబ్లా. ఒకదాని కొస దొరికితే మిగతావీ అదే దారిన వచ్చేస్తాయి. క్రమం తప్పినవే నా ప్రాణం తీశాయి. నాకుంది, నీకుంది, ఆమెకుంది అనాలంటే తెంగో, తియెనెస్, తియెనే. ఎందుకలా మారిందని అడిగితే సిస్టరు, "అదంతే, కంఠతా పట్టు" అనేది. తెగిన నూలులాగా ఒక్కోదానికి ఒక్కో ముడి వేసుకోవాల్సిందే.

ఇంట్లో చదివితే దొరికిపోతానని మిషను దగ్గరే గట్టిగా వల్లించేదాన్ని. ఆ రొదలో పక్కన పిడుగు పడ్డా వినబడదు. ఏం తెలివో నాది! ఆ రొదలో మేమంతా పెదాలు చూసే మాట్లాడుకుంటామన్న సంగతే మరిచాను.

ఒకరోజు నాయన బండి ఆపి, పెదాలతోనే అడిగాడు. "ఏమ్మా, దినమూ ఏందో చెప్తుండావే, జపమా?"

"ఔ నాయనా, జపమే," అనేశాను.

"నాకూ చెప్పియ్యి."

చెప్పక చస్తానా? ఆనాటి నుంచి బండి తోస్తూ ఆయన కూడా అబ్లో, అబ్లాస్. తియెనెస్ దగ్గర తడబడి నావైపు చూసేవాడు. నేను పెదాలు కదిపి అందించేదాన్ని. నిజం చెప్పేద్దామని రోజూ అనుకునేదాన్ని. కానీ జపం ఆఖరున ఆయన సిలువ గుర్తు వేసుకుంటుంటే చూసి, నేనూ వేసేసుకునేదాన్ని.

పెద్ద మదర్ ఆదివారం వస్తుందనగా, శుక్రవారం నాయన బండి వదిలేసి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. కళ్ళనిండా నీళ్ళు.

"నీకు పర్మనెంట్ ఆయెమ్మా! ఇన్ని దినాలూ నీ జపంతోనే దేవుణ్ణి అడుగుతుంటిని."

ఆదివారం నేను సిస్టరు దగ్గరికి వెళ్ళలేదు. సోమవారం నాకంటూ ఇచ్చిన మిషను దగ్గర నిలబడ్డాను. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, ఎవరిమీదో తెలియలేదు. ఎదురుగా నాయన బండి ఆపి, నాకోసం జపం మొదలుపెట్టాడు. ఈసారి తియెనెస్ దగ్గర కూడా తడబడలేదు.