పోయినవాళ్ల బల్ల

పెన్సిల్వేనియా కొండల్లో ఒక పాత రష్యన్ మఠం ఉంది. బొగ్గు గనుల్లో పనికని సముద్రం దాటి వచ్చినవాళ్ల కోసం కట్టారట. అక్టోబరులో ఆకుల రంగులు చూడ్డానికి వెళ్తే అదీ చూసి రమ్మని ఆఫీసులో ఒకాయన చెప్పాడు. ఎనభైల మొదటి రోజులవి. మేం న్యూజెర్సీలో ఉండేవాళ్లం.

నిజానికి నేను బయల్దేరింది ఆకుల కోసం కాదు. ఆ ఏడాది వేసవిలో, నెలలు నిండాక, మా బిడ్డ కడుపులోనే పోయింది. ఆడపిల్ల. "చూస్తారా?" అని నర్సు అడిగితే నా భార్యని ఒక్క మాటైనా అడక్కుండా వద్దన్నాను. చూస్తే ఇక తను ఎప్పటికీ మర్చిపోలేదని నా వాదన. వాళ్లిచ్చిన కాగితాల మీద చదవకుండా సంతకాలు పెట్టాను. ఇంటికొచ్చాక తను ఆ మాట ఎత్తినప్పుడల్లా లేచి టీవీ పెట్టేవాణ్ని. వారం వారం ఎక్కడికో ఒక చోటికి తిప్పితే సర్దుకుంటుందనుకున్నాను. ఆమె బాధ తగ్గిస్తున్నానని చెప్పుకుంటూ నా పిరికితనాన్ని దాచుకున్నాను.

దారిలో రెండుసార్లు ఎగ్జిట్ తప్పాను.

"ఆ గ్యాస్ స్టేషన్‌లో అడగొచ్చుగా! మీకు దారి అడగడమంటే మహా నామోషీ."

"మ్యాప్ ఉందిగా."

"ఉంది, నా ఒళ్లో. తలకిందులుగా ఇచ్చారు."

చాన్నాళ్లకి తన నోట హాస్యం విన్నాను. నా మందు పని చేస్తోందని సంబరపడ్డాను.

మఠం చర్చి మెట్ల దగ్గర తను చెప్పులూ, సాక్సులూ విప్పేసింది.

"ఇది మన గుడి కాదు. వేసుకో, ఎవరైనా చూస్తే నవ్వుతారు."

"దేవుడున్న చోటేగా," అని లోపలికి వెళ్లిపోయింది. నేను బూట్లతోనే వెళ్లాను, మెడలో కెమెరాతో.

లోపల మసక వెలుతురు, సాంబ్రాణి వాసన, ఎర్ర గాజు గిన్నెల్లో నూనె దీపాలు. తెల్లగడ్డం సన్యాసి ఒకాయన కొవ్వొత్తులు సర్దుతున్నాడు. జుట్టు వెనక్కి ముడేసుకున్నాడు. "అచ్చం మన స్వామీజీలాగే ఉన్నారండీ," అని తను నా చెవిలో అంది. ఆయన ఆమె పాదాల వైపు చూశాడు. నేను క్షమాపణ చెప్పబోయేలోగా, ఆయన తన కాళ్ల కిందున్న చిన్న తివాచీ ముక్కని కాలితో ఆమె వైపు జరిపాడు.

తను ఒక కొవ్వొత్తి తీసుకుంది. "బతికున్నవాళ్ల కోసమా, పోయినవాళ్ల కోసమా?" అని ఆయన అడిగాడు. అక్కడి పద్ధతి అది. బతికున్నవాళ్లకైతే పటాల ముందున్న ఎత్తు స్టాండులో పెట్టాలి. పోయినవాళ్లకి పక్కన విడిగా ఒక పొట్టి బల్ల, దాని మీద ఇసుక, చిన్న సిలువ.

తను ఇంగ్లీషు కూడదీసుకునేలోపు నేనే చెప్పేశాను. "బతికున్నవాళ్లకే. ఇండియాలో మా అమ్మానాన్నలున్నారు."

"నో," అంది తను. గొంతు పెంచలేదు. "మై డాటర్."

ఆ పొట్టి బల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని కొవ్వొత్తిని ఇసుకలో గుచ్చింది. పేరు చెబితే ప్రార్థనలో తలుచుకుంటానన్నాడాయన. మనలో ఇరవై ఒకటో రోజుకి గానీ పేరు పెట్టరు. పేరు లేదని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పటికే తను చెబుతోంది. నా కూతురి పేరు నేను వినడం అదే మొదటిసారి. దాన్ని ఇక్కడ రాయను. అది తను ఒంటరిగా పెట్టుకున్న పేరు.

ఫోటో ఒక్కటీ తియ్యలేదు. కారు దగ్గరికి వచ్చాక తను పులిహోర డబ్బా తెరిచి, నా చేతికి ప్లేటిస్తూ అడిగింది.

"ఏమండీ, పాపని ఎక్కడ పెట్టారు?"

"తెలీదు. అడగలేదు."

ఏడుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"అయితే మీరూ చూడలేదా?"

"లేదు."

"అయ్యో," అంది. ఆ అయ్యో నా కోసమని అర్థమవడానికి కాస్త టైము పట్టింది.

సోమవారం ఆస్పత్రికి ఫోన్ చేశాను. ఫోను నలుగురి చేతులు మారాక ఒకావిడ ఫైలు వెతికి చెప్పింది. మా ఊరి శ్మశానంలో పసిపిల్లలకని విడిగా ఒక వరస ఉందట, అందులో గోడ వైపు. ఆ గోడ నాకు తెలుసు. రోజూ ఆఫీసుకి వెళ్తూ దాని పక్కనుంచే డ్రైవ్ చేసేవాణ్ని.

శనివారం ఇద్దరం వెళ్లాం. గేటు దగ్గర తను చెప్పులు విప్పింది. నేనూ బూట్లు విప్పడానికి వంగాను. తొందరపడి లాగితే లేసు ముడిపడిపోయింది. తను పక్కన కూర్చుని గోళ్లతో ఆ ముడి విప్పింది.