ఆకాశంలో ఆపరేషన్లు కాదు నాన్నా

ఆ రోజు నా డ్యూటీ హైవే మీద. యుద్ధ విమానాలు అత్యవసరంగా దిగడానికి మా వైపు జాతీయ రహదారిలో కొంత మేర రన్‌వేలా కట్టారు. దాని మీద విమానాలు దింపి చూస్తున్నారని, ఏదైనా జరిగితే దగ్గర ఉండాలని, చుట్టుపక్కల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లను అంబులెన్సులిచ్చి పంపారు. వాళ్లలో నేనొకదాన్ని. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు.

ఎవరికీ ఏమీ కాలేదు. విమానం రోడ్డుకు చక్రాలు ఆనించి మిరపచేల మీదుగా లేచిపోతుంటే మా డ్రైవర్ ఈల వేశాడు. నేను మాత్రం టెంటు కింద నిలబడ్డ ఒకావిడను చూస్తున్నాను. వైమానిక దళం యూనిఫాం, మెడలో స్టెతస్కోపు. నలభై దాటి ఉంటాయి. దగ్గరికెళ్లి మీరు ఏ రకం డాక్టరని ఇంగ్లిషులో అడిగాను. ఫ్లైట్ సర్జన్‌నని చెప్పింది. కత్తి పట్టే పని కాదట. ఎత్తులో, వేగంలో మనిషి ఒంటికి ఏమవుతుందో చూసుకోవడం, పైలట్ ఆ రోజు ఎగరవచ్చో లేదో తేల్చడం ఆవిడ పని. అందులో కష్టమేమిటని అడిగితే నవ్వింది.

"నీ రోగి నొప్పి ఉందని చెప్పడానికి వస్తాడు. నా పైలట్ నొప్పి లేదని చెప్పడానికి వస్తాడు. ఉందంటే ఎగరనివ్వనని భయం."

ఆ వారమే మిరపకు మందు కొట్టే కూలీ ఒకాయన తలనొప్పి బిళ్లల కోసం మా ఆసుపత్రికి వచ్చాడు. ఒళ్లంతా చెమట, కంటిపాపలు సూదిమొనల్లా ఉన్నాయి. తల తిరుగుతోందా అని అడిగాను.

"అబ్బే, అదేం లేదండి. ఎండకి."

ఇంకో రోజయితే గదమాయించేదాన్ని. ఆ రోజు కుర్చీ దగ్గరికి లాక్కుని, నీ పని ఎక్కడికీ పోకుండా నేను మాట్లాడతానన్నాను. అప్పుడు తల దించుకుని చెప్పాడు.

"పొద్దుట్నుంచి రెండుసార్లు పడబోయానండి. చెబితే మేస్త్రి ఇంకోణ్ణి పెట్టుకుంటాడండి."

పురుగుమందు ఒంటికి పట్టింది. బట్టలు తీయించి, ఒళ్లు కడిగించి, ఇంజెక్షను చేసి పెద్దాసుపత్రికి పంపాను. మేస్త్రితో మాట్లాడాను కూడా. వారం తిరక్కుండానే ఆయన నడుచుకుంటూ వచ్చి కనపడి వెళ్లాడు. ఆ ఫ్లైట్ సర్జన్ చేసే పని నేనూ చేయగలననిపించింది.

ఆదివారం మా ఊరు సత్తెనపల్లి వెళ్లాను. మా నాన్న పరుపులు కుడతాడు. మీసాల మీద దూది పింజలతో కూర్చుని ఉన్నాడు. సైన్యంలో డాక్టరుగా చేరి ఫ్లైట్ సర్జన్‌నవుతానని చెప్పాను.

"ఏందీ? ఇమానంలో ఆపరేషన్లు చేస్తావా?"

"ఆపరేషన్లు కాదు నాన్నా. నడిపేవాళ్ల ఆరోగ్యం చూడాలి."

"కిందున్నప్పుడేగా చూసేది?"

"ఎక్కువగా కిందే."

"అయితే ఎళ్లు. మీ అమ్మకి మాత్రం నువ్వే చెప్పుకో."

ఇంటర్వ్యూలో నెగ్గాను. వైద్యపరీక్షలో ఆగిపోయాను. రక్తం తక్కువగా ఉందని, మళ్లీ రమ్మని గడువిచ్చారు. ఊళ్లో గర్భిణులందరికీ ఐరన్ మాత్రలు మింగమని చెప్పే డాక్టర్ని! సిగ్గుతో రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. అప్పటిదాకా నన్ను పంపనని పంతం పట్టిన అమ్మకు రోషం వచ్చింది. "మా పిల్లకి రక్తం లేదంటారా?" అని తోటకూర, వేరుశనగ ఉండలు, కార్జం వేపుడు ఎదురుగా కూర్చుని తినిపించింది. రెండోసారి పరీక్షలో పాసయ్యాను.

శిక్షణ ముగిశాక ఒక విమాన స్థావరానికి వేశారు. పొద్దున్నే పైలట్లను పరీక్షించడం నా పని. ఒక రోజు ఒక కుర్ర పైలట్ గొంతు ముక్కులోంచి వస్తోంది. జలుబు లేదన్నాడు. ముక్కు మూసుకుని గాలి బిగించమని, చెవిలోకి లైటు వేసి చూశాను. ఎడమ చెవిపొర కదల్లేదు. అలాగే పైకెళ్లి కిందికి దిగితే చెవిపొర చిరిగిపోవచ్చు.

"మేడమ్, ఈ రోజు తప్పితే నా వంతు పోతుంది," అని హిందీలో బతిమాలాడు.

"చెవి పాడైతే నెలలు పోతాయి. నాలుగు రోజులు నాకివ్వు. చెవి తెరుచుకోగానే నేనే సంతకం పెడతాను."

తలుపు ధడాలున వేసి వెళ్లాడు. నాలుగు రోజులూ పలకరించలేదు. ఐదో రోజు చెవి తెరుచుకుంది, సంతకం పెట్టాను. వెళ్లి ఎగిరాడు. నెల తర్వాత అతని స్నేహితుడొకడు వచ్చి, తనంతట తానే మెడ నొప్పి సంగతి చెప్పాడు. ఎవరు పంపారంటే ఆ కోపిష్టి పేరే చెప్పాడు. ఆ రోజంతా నా కాళ్లు నేల మీద లేవు.

ఇప్పుడు బెంగళూరులో ఏరోస్పేస్ మెడిసిన్ పీజీకి ఎంపికయ్యాను. మొన్న నాన్న ఫోన్ చేశాడు.

"మనుషుల్ని కూర్చోబెట్టి గిర్రున తిప్పే మిషనుందంటగా అక్కడ. నువ్వూ ఎక్కాలా?"

"ఎక్కాలి నాన్నా. ఆ వేగంలో ఒళ్లెలా ఉంటుందో తెలియాలిగా."



"సరే, ఎక్కు. ఆ రోజు మాత్రం కడుపునిండా తినమాక."