పొగలు కక్కిన పానకం

మా మేనత్త పోయిన గురువారం నిద్రలోనే కన్నుమూసింది. కలరాతో మాత్రం కాదు. ఆ సంగతి ముందు చెప్పకపోతే ఎక్కడున్నా నన్ను క్షమించదు.

పెళ్లయిన మూడేళ్లకే మామయ్యని కలరా తీసుకుపోయింది. యాత్రకి వెళ్లి, దారిలో ఎవరో ఆదరంగా ఇచ్చిన మజ్జిగ కాదనలేక తాగాడట. అప్పటినుంచి అత్త పుట్టింట్లోనే ఉండి, తల్లిలేని నన్ను పెంచింది. ఏ ప్రయాణమైనా ముందురోజే నీళ్లు మరిగించి ఇత్తడి బిందె మూతికి గుడ్డతో వాసెన కట్టేది. రైలెక్కేటప్పుడూ దిగేటప్పుడూ మమ్మల్నందరినీ చూపుడువేలితో లెక్కపెట్టేది. "మొగమాటపడితే కలరా కూడా సుట్టమైపోతాదిరా" అనేది.

మూడేళ్ల కిందట వేసవిలో నా పెళ్లికి కోటబొమ్మాళిలో బొగ్గు రైలెక్కి విజయనగరం బయల్దేరాం, ఇరవై ముగ్గురం. పట్నంలో కలరా తగిలిందని అప్పటికే కబురు. పిల్లలు ఏడ్చినా, పెద్దలు తిట్టినా, అత్త అందరికీ సూదులు వేయించింది. దారిలో కోసిన పుచ్చకాయ ముక్కల వైపు ఎవర్నీ చూడనివ్వలేదు.

విడిది దగ్గర ఎదురుకోలు. ఆడపెళ్లివారు మేళంతో పానకం బిందెలు తెచ్చారు. శుభకార్యాల్లో ఎప్పుడూ గోడవార నిలబడే అత్త, ఆ వేళ అందరినీ తోసుకుని ముందుకొచ్చింది.

"ఈ నీళ్లు కాసినవేనా, బాబూ?"

మేళం ఆగిపోయింది. నాకు కాబోయే మామగారి ముఖం నల్లబడింది. పానకం ముట్టలేదంటే పిల్లని వద్దన్నట్టే. "మొగుడు పోయిన మనిసి ముందుకొచ్చిందేటి?" అని ఎవరో గొణిగారు. నా పెళ్లి అక్కడితో సరి అనుకున్నాను. అత్తని చూసి సిగ్గేసింది కూడా. ఆ సిగ్గుకి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

అత్త మామగారికి చేతులు జోడించింది. "మీ పిల్ల మాకు కావాల. మా గుంటడు మీకు బతికుండాల. ఒక్కసారి పొంగనియ్యి బాబూ, రెండు సేతులా తాగుతాం."

 మామగారు కండువా నడుముకి బిగించి, తనే బిందె ఎత్తి పొయ్యి మీది గుండిగలో ఒంపారు. ఆ ఎండలో పొగలు కక్కే పానకం! చెమటలు కారుతూ, నాలుకలు కాల్చుకుంటూ తాగాం. మొదటి గ్లాసు అత్తదే.

ఒక్కరికీ కడుపునొప్పయినా రాలేదు. తిరిగొచ్చి స్టేషన్లో దిగగానే అత్త వేలెత్తి లెక్కపెట్టింది. కొత్త పెళ్లికూతురి దగ్గర ఆగి పకపకా నవ్వింది. "ఎల్లింది ఇరవై ముగ్గురం, వచ్చింది ఇరవై నలుగురం. గెలిసేం!" ఆమె అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు.

మొన్న ఆమెను సాగనంపి వచ్చేసరికి, మా ఆవిడ గుమ్మంలో నిలబడి మమ్మల్ని వేలితో లెక్కపెడుతోంది. చివర ఆ వేలు గాలిలోనే ఉండిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు.

చావింట పొయ్యి వెలిగించకూడదన్నారు పెద్దలు. "ఇంట్లో కదా వొద్దన్నారు" అంటూ మా ఆవిడ పెరట్లో మూడు రాళ్లు పెట్టి, అత్త గుండిగ ఎక్కించింది. రైలు దిగొచ్చిన చుట్టాలు దాహంతో చెంబులు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. నీళ్లు తెర్లేదాకా ఒక్కరినీ ముంచనివ్వలేదు.