ఉప్పూ కారం తినే మనిషి

నాన్నకు ముక్కు మీద కోపం. చల్లపల్లి దగ్గర కాలువ చివరి పొలం ఆయనది. పైవాళ్లు నీళ్లు మళ్లించుకున్నారని తెలిస్తే చాలు, పంచె ఎగగట్టి పోట్లాటకు పోయేవారు. ఆ కోపం నాకూ వచ్చిందని అమ్మ వాపోతుంటుంది. నిజమే, వచ్చింది.

నాన్నకు గుండె బలహీనపడి కాళ్లకు నీరు పట్టాక అమ్మానాన్నలిద్దరినీ విజయవాడలో మా ఇంటికి తీసుకొచ్చాను. డాక్టరు నాన్నకు ఉప్పు దాదాపు మానిపించారు. నేను మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెప్తాను కాబట్టి, కూడు ఎందుకింత చప్పగా ఉందో వివరించే పని నా మీద పడింది. నాలుక మీది రుచి కణాలకు అయాన్ చానెళ్లనే సన్నటి దారులుంటాయనీ, ఉప్పు నోట్లో కరిగితే అందులోని సోడియం ఆ దారుల్లోంచి కణంలోకి జారుతుందనీ, అది మోసుకొచ్చిన విద్యుత్తుకు కణం మేలుకుని మెదడుకు కబురు పంపుతుందనీ చెప్పాను. కాలువ తూముల్లాంటివే అనుకోమన్నాను.

"తూము తెరిచే ఉందమ్మా. పైనుంచి నీళ్లే రావట్లేదు," అన్నారు నాన్న.

కొన్నాళ్లకు నాలుకే సర్దుకుంటుందనీ, చిటికెడు ఉప్పే చాలనిపిస్తుందనీ ధైర్యం చెప్పాను. క్లాసులో చెప్పినంత తేలిగ్గా చెప్పేశాను. ఆయన ఆ మాట నమ్ముకుని చప్పిడి పప్పు తిన్నారు.

నెలలు గడిచాయి. ఊళ్లో బాబాయి మా పొలం గట్టు చెక్కి కలిపేసుకున్నాడని ఫోనొచ్చింది. నాన్న విని, పోనీలే అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మకైతే నోరు ఆగలేదు.

"ఏవండీ, మీరు ఉప్పూ కారం తినడం లేదా?"

రోషం లేనివాళ్లను మావైపు అనే మాటే అది. అనేశాక అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాన్న మాత్రం నవ్వారు. "ఎక్కడ తింటున్నానే?" అన్నారు. ఆ నవ్వు చూడలేక వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఆ వేసవిలో డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇక పథ్యాలేమీ వద్దు, ఆయన ఏది అడిగితే అది పెట్టండమ్మా అన్నారు. దానర్థం నాకు తెలుసు. అమ్మకు మాత్రం పథ్యం తీసేశారని చెప్పి ఊరుకున్నాను. ఆమె సంబరపడిపోయింది. వేడన్నంలో కొత్తావకాయ కలిపి, నెయ్యి వేసి, ముద్ద చేసి తనే నోట్లో పెట్టింది.

నాన్న నమిలారు. మొహం ముడుచుకుపోయింది.

"ఉప్పెక్కువైందే," అన్నారు మెల్లగా.

నేను చెప్పినట్టే నాలుక సర్దుకుంది. నా పాఠం మీద నాకే అసహ్యం వేసింది. ఈ ఏడు నా చెయ్యే తప్పినట్టుందని అమ్మ గొణుక్కుంటూ, పళ్లెంలో ఇంకాస్త తెల్లన్నం వేసి కలపసాగింది. ఆమె నొచ్చుకుంటుందని నాన్న రెండో ముద్దకు నోరు తెరిచారు. ఒక్కసారి, ఒక్కసారి ఆమెను కసిరితే బాగుండునని నా ప్రాణం కొట్టుకుంది. ఆయన కసరలేదు. కష్టపడి మింగి, బాగుందన్నారు.