నెలవంక కింద చుక్క

ఇస్త్రీ అత్త అంటే ఆ వీధిలో తెలియనివారు లేరు. నలభై అయిదేళ్ళుగా మొగుడూ పెళ్ళాలు ఒకే గదిలో, ముందు సగం కొట్టు, వెనక సగం కాపురం పెట్టుకుని ఊరందరి మాపూ ఉతికారు. ఆవిడకు నోరు పెద్దది, చెయ్యి ఇంకా వేగం. అలాంటి మనిషి ఆరు నెలలుగా ప్రతి సోమవారం ఒకే అబద్ధాన్ని తడుముకోకుండా చెబుతూ వచ్చింది.

ఆరు నెలల క్రితం ఆమె మొగుడికి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. అంతకుముందు ఆయన ఏ సోమవారమూ మానని పని ఒకటుండేది. మార్కెట్ వెనక ఒక చిన్న గుడి ఉంది. శివభక్తుల బట్టలుతికి, ఆ పుణ్యంతోనే శివుడిలో కలిసిపోయాడని చెప్పుకునే ఒక భక్తుడి గుడి. ఆయన ఆ విగ్రహానికి కట్టిన బట్ట విప్పి, పక్కనున్న కుళాయి దగ్గర ఉతికి, ఆరాక మళ్ళీ కట్టి వచ్చేవాడు. అత్త ఒక్కసారీ వెంట వెళ్ళలేదు. "మనుషుల బట్టలుతికింది చాలక రాయికి కూడానా!" అని మూతి తిప్పేది. మంచం పట్టాక ఆయన "అయ్య బట్ట ఉతికావా?" అని అడగడం, ఈవిడ ఇస్త్రీ పెట్టె జరుపుతూనే "ఆ, ఉతికా" అనడం. కొట్టు వదిలి కదిలితేగా!

ఈ సోమవారం ఆయన ఊరుకోలేదు. "ఆ బట్ట ఇక్కడికే పట్రా. ఎడం చెయ్యి బాగానే ఉందిగా, నేనే ఉతుకుతా" అన్నాడు.

 అత్త ఘటికురాలు కదా! కాసేపు బయట తిరిగొచ్చి, మాసిన బట్టల మూటలోంచి ఒక తెల్ల పంచె లాగి ఆయన చేతిలో పెట్టింది. ఒకరింటి బట్టల్లో ఇంకొకరివి కలిసిపోకుండా, కొసన చెరగని సిరాతో ఆ ఇంటి గుర్తు వేయడం వాళ్ళ పనిలో మొదటి మెట్టు. ఆయన కొస తిప్పి చూశాడు.

"మూడు చుక్కలూ అడ్డగీతా. ఇది మేడమీది ప్లీడరు గారిది" అన్నాడు. "నా దగ్గరేనా ఈ వేషాలు?"

తిట్టి ఉంటే బాగుండేది. గోడవైపు తల తిప్పుకుని పడుకున్నాడు. అత్త కొట్టు తలుపు దగ్గరకు వేసి బయలుదేరింది.

గుడి తలుపును ఇనుప తీగతో కట్టేశారు. విప్పి చూస్తే లోపల పాత టైర్లు, పావురాల రెట్టలు, ఎండిపోయిన ప్రమిద. మోకాలెత్తు విగ్రహం, భుజాన రాతి మూట. దాని నడుముకు మట్టి కొట్టుకుపోయిన ఒక గుడ్డ ఉంది, అంచులు ఎలుకలు కొరికేశాయి. ఊళ్ళో ఎవరి బట్టా ఒక్క పూట ఆలస్యం కానివ్వని మనిషికి తల కొట్టేసినట్టయింది.

పక్క కొట్లో పంక్చర్లు వేసే అతను పరుగెత్తుకొచ్చాడు. "పెద్దాయన రావడం మానేశాక ఇటు చూసేవాళ్ళే లేరత్తా. వానకు తడుస్తాయని టైర్లు పెట్టా, ఇప్పుడే తీసేస్తా."

అత్తకు ఆ మాటలు వినబడలేదు. విప్పిన గుడ్డ కొస ఆమె చేతిలో ఉంది. కొసన నెలవంక, దాని కింద చుక్క. బట్టకు పట్టుమని రెండేళ్ళుండవు. ఆ గుర్తుకు నలభై దాటాయి.

వాళ్ళ సొంత బట్టలకు గుర్తులుండవు. కొడుకు పుట్టినప్పుడు మాత్రం, "రోజుకు ఇరవై గుడ్డలు వేస్తున్నాడు, మన కొట్టుకు ఇంత పెద్ద బేరం ఎవరున్నారే!" అని నవ్వుతూ ఆయన పిల్లాడి పొత్తిగుడ్డల మీద ఈ గుర్తు వేశాడు. పదకొండో నెలలో జ్వరం వచ్చి పిల్లాడు పోయాడు. మర్నాడు పొద్దున్నే ఆయన ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డాడు. ఆ నిలబడడాన్ని అత్త ఈనాటికీ క్షమించలేదు.

టైర్లు మోస్తూ అతను అంటున్నాడు, "దేవుడి దగ్గర దండాలు పెట్టడం చూశాం కానీ, పదేళ్ళ కింద ఈయన తిట్టేవాడత్తా! 'ముప్పై దాటాయి, ఇంకా పెళ్ళి చేసుకోవేరా' అని. ఎవరినో మరి."

అత్త అక్కడే కూలబడి, సిగ్గు విడిచి, నోరారా ఏడ్చింది.

బట్ట ఉతికి తీసుకెళితే అబద్ధం నిలబడేది. కుళాయి పక్కనే ఉంది. కానీ అలాగే, ఆ మట్టితోనే తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఆరు నెలల మాపు" అన్నాడాయన మెల్లగా. "ఒక్కసారీ వెళ్ళలేదన్నమాట."

"వెళ్ళలేదు. నువ్వు మాత్రం? ఇది వాడి గుర్తని నాకెందుకు చెప్పలేదయ్యా? ఇన్నేళ్ళూ నిన్ను రాయివనుకున్నా. లోపల తిట్టుకుంటూనే అన్నం పెట్టా."

ఆయన ఎడమ బొటనవేలితో ఆ గుర్తును తడిమాడు. "ఈ ఇంట్లో వాడి మాటెత్తితే నీ మీద ఒట్టన్నావు కదే. అందుకే బయటికెళ్ళి ఎత్తుకున్నా."

అన్నది తనే. ఆ రోజు గుండెలు బాదుకుంటూ అని, తర్వాత మరిచిపోయింది. ఆయన మరిచిపోలేదు.

అత్త బకెట్‌తో నీళ్ళు తెచ్చి మంచం పక్కన పెట్టి, ఆయన వీపు వెనక దిండ్లు దోపి లేపి కూర్చోబెట్టింది. ఆయన ఎడమ చెయ్యి, ఆవిడ కుడి చెయ్యి కలిపి గుడ్డను జాడించి, చెరో కొస పట్టుకుని పిండారు.

"ఉండి ఉంటే వాడికి ఇప్పుడు నలభై ఒకటి" అంది అత్త.

"నలభై రెండు. పోయిన నెల నిండాయి" అని, ఆయన బట్ట విదిలించి ఆరేయమని ఆవిడకిచ్చాడు.