పచ్చడి మార్కుల కోసం కౌంటీకి అర్జీ

మీకిప్పుడొక భారతం చెప్పబోతున్నాను. ఇందులో ఒకే కప్పు కింద బతికే దాయాదులున్నారు, వనవాసం ఉంది, నిండు సభలో పరాభవం ఉంది, రాజద్వారం దగ్గర అర్జీ పట్టుకుని నిలబడ్డ వీరుడున్నాడు. పద్దెనిమిది పర్వాలకు సరిపడా సరుకు.

సరే, అంత లేదు. దాయాదులంటే నేనూ, మా రూమ్మేటూ. వనవాసమంటే మిచిగన్‌లో మొక్కజొన్న చేల మధ్య, మన జిల్లా లాంటి ఒక చిన్న కౌంటీలో కాంట్రాక్టు ఉద్యోగం. అక్కడి ఆసుపత్రి కంప్యూటర్లు మేమిద్దరం చూసుకుంటాం. పరాభవమంటే నేను టమాటా పచ్చడి పోటీలో ఓడిపోవడం.

ఆగస్టులో మా కౌంటీ ఫెయిర్ జరుగుతుంది. మన తిరనాళ్ళ లాంటిదే, కాకపోతే దేవుడి స్థానంలో పందులుంటాయి. పెంచిన పశువులకి, కుట్టిన బొంతలకి, ఇంట్లో పెట్టిన పచ్చళ్ళకి పోటీలు పెడతారు. "మీరు లంచ్‌లో ఏదో ఎర్రగా తింటారుగా, అది పెట్టండి" అని ఒక నర్సు ఎక్కించింది. ఇద్దరం పెట్టాం. నాది గుంటూరు, వాడిది వరంగల్. నేను మన సరుకుల కొట్లుండే ఫార్మింగ్టన్ హిల్స్ దాకా డ్రైవ్ చేసి కారం, ఆవపిండి, నువ్వులనూనె తెచ్చుకున్నాను. అమ్మ వీడియో కాల్‌లో "ఇంకా, ఇంకా" అన్నంతసేపూ మగ్గబెట్టాను. వాడు యూట్యూబ్ చూసి చేశాడు. పైగా నా కళ్ళముందే అందులో పంచదార పోశాడు.

"పంచదారేంట్రా?"

"అమెరికా జడ్జిలు మామా. నీ కారం తింటే అంబులెన్సు మన హాస్పిటల్‌కే వస్తది. మళ్ల మనమే సిస్టమ్‌ల ఎంట్రీ కొట్టాలె."

మర్నాడు వెళ్ళి చూస్తే వాడి సీసాకి నీలం రిబ్బన్ కట్టి ఉంది. మొదటి బహుమతి. నా పచ్చడి దగ్గర ఏమీ లేదు. రెండో బహుమతి ఎర్రదీ లేదు, మూడో బహుమతి తెల్లదీ లేదు. గుమ్మడికాయ జామ్‌కి కూడా తెల్లది ఉంది.

అసూయ అంటే కడుపులో మంట అంటారు గానీ, నాకు మాత్రం ఫ్రిజ్ తలుపు మీద కనిపించేది. వాడా రిబ్బన్‌ని అయస్కాంతంతో అక్కడ అంటించాడు. పాల కోసం తలుపు తీసినప్పుడల్లా అది ఊగేది.

"ఏంది మామా, రిబ్బన్ దిక్కు గట్ల చూస్తున్నవ్?"

"పాలు తీస్తున్నా."

"పాలు లోపలుంటయ్ మామా, రిబ్బన్‌ల ఉండయ్."

ఊరి పేపర్లో వాడి ఫోటో వేశారు. పక్కనే మొదటి బహుమతి పొందిన పంది. ఇద్దరిలో ఎవరు ఎక్కువ సంతోషంగా ఉన్నారో చెప్పడం కష్టం. గ్యాస్ స్టేషన్‌లో ఆవిడ వాడికి కాఫీ ఊరికే ఇవ్వడం మొదలుపెట్టింది. నర్సులు వాణ్ణి పికిల్ అని పిలుస్తున్నారు. నన్ను పికిల్ వాళ్ళ ఫ్రెండ్ అంటున్నారు. చివరికి ఫెయిర్ కమిటీవాళ్ళు వాణ్ణి వాలంటీర్‌గా చేర్చుకుని మీటింగులకి కూడా పిలుస్తున్నారు.

ఇదంతా ఓర్చుకునేవాణ్ణే. మధ్యలో అమ్మ ఫోన్‌లో దిగింది.

"వరంగల్ అబ్బాయికా? పంచదార వేసినదానికా?"

"అవునమ్మా."

"నా కొలతల్లో తప్పుండదు. నువ్వే ఏదో మాడ్చుంటావు. ఏం తప్పు పట్టారో అడుగు. వీధంతా చెప్పుకున్నాను, ఇప్పుడు వాళ్ళకేం చెప్పను?"

కాబట్టి నాకు కావల్సింది ఒక్కటే: మా అమ్మ పచ్చడి గురించి ఆ జడ్జిలు ఏం రాశారో తెలియాలి. నేను తెలుసుకుంటున్నానని మాత్రం ఆ నీలం రిబ్బన్‌గాడికి తెలియకూడదు. తెలిస్తే వాడు ఓదారుస్తాడు. అది మాత్రం భరించలేను.

మా కౌంటీలో ఫెయిర్‌ని నడిపేది కౌంటీనే. కౌంటీ దగ్గరున్న కాగితం ఎవరైనా అడగొచ్చు. ఫోయా అంటారు, మన సమాచార హక్కుకి పెద్దన్న. ఆన్‌లైన్‌లో వెతికితే కౌంటీ వెబ్‌సైట్‌లో మంచు తోసే బండ్ల ఫోటోలు తప్ప ఏమీ కనిపించలేదు. లంచ్ టైమ్‌లో కోర్టుహౌస్‌కి వెళ్ళాను. పెళ్ళి లైసెన్సులు, చావు సర్టిఫికెట్లు ఒకే కౌంటర్‌లో ఇస్తున్నారు. ఆ రెంటికీ మధ్య వచ్చే పచ్చడికి మాత్రం అక్కడ చోటు లేదు. ధాన్యం గోదాముల వెనక, రైతులకి సలహాలిచ్చే ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకి పొమ్మన్నారు. ఫెయిర్ కాగితాలన్నీ అక్కడేనట.

నేను సిద్ధమయ్యే వెళ్ళాను. పాస్‌పోర్టు, వీసా, ఇంటి లీజు జిరాక్సులు, రెండు పాస్‌పోర్టు సైజు ఫోటోలు, "గౌరవనీయులైన అధికారివర్యులకు, తమ దివ్యసముఖమునకు" ధోరణిలో ఇంగ్లీషులో పూర్తి పేజీ అర్జీ. అందులో సగం పేజీ కారణమే: విదేశీ వంటకాల మూల్యాంకనంపై పరిశోధనాసక్తి. గెజిటెడ్ ఆఫీసర్ సంతకం ఒక్కటే తక్కువ.

కౌంటర్‌లో పెద్దావిడ కళ్ళజోడు పైకి తోసుకుని చూసింది. "ఇవన్నీ ఎందుకు హనీ?"

"ప్రూఫ్."

"దేనికి ప్రూఫ్?"

ఇరవయ్యేళ్ళుగా ప్రూఫ్ ఇస్తూనే ఉన్నాను గానీ, దేనికని ఎవరూ అడగలేదు. ఆవిడ జిరాక్సులన్నీ వెనక్కి తోసేసింది. పేరు, అడ్రసు, ఫోన్ నంబరు, ఏం కావాలో ఒక్క ముక్క. అంతే.

"మరి కారణం?"

"అక్కర్లేదు. నాకు తెలియాల్సిన పని లేదు."

కష్టపడి అల్లిన అబద్ధం వృథా అయిపోతుంటే ఎంత బాధగా ఉంటుందో! ఇద్దరి మార్కుల షీట్లూ కావాలని రాసిచ్చాను. వెళ్ళేముందు గొంతు తగ్గించి అడిగాను, "ఇది రహస్యంగానే ఉంటుంది కదండీ?"

ఆవిడ నవ్వింది. "నీ అర్జీ కూడా పబ్లిక్ రికార్డే హనీ. వచ్చినవన్నీ కమిటీ మీటింగ్‌లో చదువుతాం."

కమిటీ మీటింగ్. పికిల్‌గారు హాజరయ్యే మీటింగ్. వెనక్కి తీసుకుందామా అనుకున్నాను. అమ్మ గుర్తొచ్చి ఊరుకున్నాను.

తర్వాతి వారం ఒక సాయంత్రం వాడు మీటింగ్ నుంచి వచ్చి వంటింటి బల్ల మీద ఒక కవరు పెట్టాడు.

"నీ లెటర్ మామా."

"నీకెవరిచ్చార్రా?"

"మీ ఇద్దరిది ఒకటే అడ్రస్ గదా, స్టాంపు దండగ అన్నరు. ముందుగాల అందరి ముందట చదివిన్రు. పచ్చడి మీద ఫోయా ఇదే ఫస్టని ఒక ముసలాయన చప్పట్లు కూడా కొట్టిండు."

నేను కవరు అందుకున్నాను.

"నన్ను అడిగితే ఏమైతుండె?"

"ఏమని అడగమంటావు? నువ్వెందుకు గెలిచావురా అనా?"

"అడగాల్సింది. నాక్కూడా తెల్వది."

కవరు చింపాను. నా షీటు మీద మార్కుల గడులన్నీ ఖాళీ. కింద ఒకే వాక్యం: డబ్బా నిబంధనలకు తగినది కాదు, పోటీకి తీసుకోలేదు. నేను పచ్చడి పెట్టింది పీనట్ బటర్ డబ్బాలో. కడిగి, ఎండబెట్టి, లేబుల్ గీకి మరీ పెట్టాను. మా ఇంట్లో ఏ డబ్బాకీ ఒక్క జన్మతో ముక్తి ఉండదు.

వాడి షీటు తీశాను. మూత బిగువు: ఉత్తమం. రంగు: ఉత్తమం. మూత కింద వదిలిన ఖాళీ: సరిగ్గా ఉంది. రుచి అనే గడి కోసం వెతికాను. లేదు. అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: ఆరోగ్య భద్రత కోసం సీసాలు తెరవబడవు.

వాడు నా భుజం మీదుగా చదివి, మళ్ళీ చదివాడు.

"అంటే ఎవ్వడు తినలేదా?"

"వాసన కూడా చూళ్ళేదు."

"గంత చక్కెర పోస్తి గదరా!"

ఆ ముఖం చూసి సంతోషపడదామనుకున్నాను. పూర్తిగా కుదరలేదు. ఇన్నాళ్ళూ వాడి చేతి రుచి చూసి కుళ్ళుకున్నాను. తీరా చూస్తే కుళ్ళుకోవాల్సింది వాడి మణికట్టు చూసి. మూత అంత బిగించాడు వెధవ.

అమ్మకి ఫోన్ చేసి, మన పచ్చడి ఎవరూ తినలేదని చెప్పాను. "మరి ఆ అబ్బాయిది?" అంది. అదీ తినలేదన్నాను. "అయితే ఇంకా తేలలేదన్నమాట" అని పెట్టేసింది.

ఫెయిర్ నుంచి తిరిగొచ్చిన వాడి సీసా ఆ రాత్రి నేనే తెరిచాను. అన్నంలో కలుపుకున్నాను. పంచదార తెలుస్తూనే ఉంది. రెండో ముద్ద నిర్ధారణ కోసం పెట్టుకున్నాను. మూడోది ఎందుకు పెట్టుకున్నానో వాడు అడిగాడు గానీ నేను చెప్పలేదు. రిబ్బన్ ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది.

వచ్చే ఆగస్టు పోటీకి పనికొచ్చే, రెండు ముక్కల మూతలున్న గాజు సీసాలు హార్డ్‌వేర్ షాపులో పెయింట్ల వరసలో దొరుకుతాయి. డజను లెక్కనే అమ్ముతారు, విడిగా ఇవ్వరు.