కడిగిన టర్కీ

ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌లో కొడుకు దగ్గర ఉండే సత్యమ్మ, పసుపూ ఉప్పూ వేసి మూడు నీళ్లు కడగనిదే ఏ మాంసాన్నీ పొయ్యి దగ్గరికి రానివ్వదు.

కొడుకు అఖిలేష్ ఆ క్రిస్మస్‌కు టర్కీ కోడిని ఓవెన్‌లో కాదు, నిండా నూనెలో వేయిస్తానన్నాడు. తడి ఉంటే ప్రమాదమని ముందురోజే శుభ్రంగా తుడిచి ఫ్రిజ్‌లో ఆరబెట్టాడు. ఇంటికి దూరంగా, గార్డెన్ మధ్యలో గ్యాస్ పొయ్యి పెట్టి పెద్ద గంజులో నూనె కాచాడు.

టర్కీ కోసం వెనక్కి తిరిగేసరికి తల్లే దాన్ని పళ్లెంలో పెట్టుకుని ఎదురొచ్చింది. టర్కీ పసుపుపచ్చగా మెరుస్తోంది. నీళ్లు ధారగా కారుతున్నాయి.

"అమ్మా, ఆడనే ఆగు! ఆ తడితోని ఏస్తే నూనె పొంగి మంటలు లేస్తయ్!"

"కడగకుంట ఎట్ల తింటం రా? షాపోడు కడిగి ఇచ్చిండా?"

అఖిలేష్ గ్యాస్ ఆపేశాడు. సత్యమ్మ టర్కీని ముక్కలు కొట్టి, అల్లం వెల్లుల్లి పట్టించి కూర వండింది. పండక్కి వచ్చినవాళ్లు మళ్లీ మళ్లీ వడ్డించుకున్నారు.

మరుసటి క్రిస్మస్‌కు అఖిలేష్ టర్కీని తుడిచి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పక్కింటివాళ్ల ఫ్రిజ్‌లో దాచాడు. పండగ పొద్దున్నే సత్యమ్మ పసుపు డబ్బా పట్టుకుని వెళ్లి వాళ్ల బెల్ కొట్టింది.